దొంగ అని పేరుతో సహా వేశారు, కేసు కొట్టేశాక ఒక్క లైను కూడా రాయలేదు. మన జిల్లా పేజీల్లో పోలీసు వార్తలు అసలు ఎవరు రాస్తున్నట్టు?

గట్టుమీదపిల్లి
మా వీధిలో టెంట్ హౌస్‌లో పనిచేసే కుర్రాడు ఒకడున్నాడు, పేరు చెప్పను. 2021లో బైకుల దొంగతనం అని తీసుకెళ్ళారు. నాలుగో రోజు పొద్దున జిల్లా పేజీలో ఫోటో, ముందు వరసలో బైకులు, వెనక కుర్చీల్లో ఆఫీసర్లు, పక్కన మావాడు మొహానికి ముసుగుతో. ముసుగేశారు కదా అనుకునేరు, కింద వార్తలో పేరు, తండ్రి పేరు, వీధి పేరు అన్నీ ఉన్నాయి, ఇంక ఆ ముసుగు ఎవరి కోసమో దేవుడికే తెలియాలి. హెడ్డింగ్ "అంతర్ జిల్లా దొంగ అరెస్టు". వాడు పక్క జిల్లాకి పెళ్ళి పందిళ్ళు వెయ్యడానికి తప్ప ఎప్పుడూ పోలేదు.
47 రోజులు సబ్ జైల్లో ఉన్నాడు. చెల్లికి కుదిరిన సంబంధం పోయింది. పోయిన నెల కోర్టులో కేసు కొట్టేశారు. వాళ్ళమ్మ ఆ పాత పేపర్ ముక్క పట్టుకుని మా ఇంటికొచ్చి, బాబూ ఇప్పుడు కూడా వేస్తారా అని అడిగింది. ఆ పేపర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే "అది వార్త కాదండీ" అన్నారు. అరెస్టు వార్త అయితే నిర్దోషి అవ్వడం వార్త ఎందుకు కాదు? తెలిసినవాళ్ళు చెప్పండి.

కారప్పూస99
అంతర్ జిల్లా దొంగ అంటే ప్రమోషన్ ఉన్న దొంగ. ఇంకో రెండు బైకులు దొరికుంటే అంతర్రాష్ట్ర దొంగ అయిపోయేవాడు.

పాతవిలేకరి
పదకొండేళ్ళు మండల కంట్రిబ్యూటర్‌గా చేశాను కాబట్టి ఈ పాపంలో నాకూ వాటా ఉంది, చెప్తా వినండి.
మండలంలో రాసేవాడికి జీతం ఉండదు. అచ్చయిన దాన్ని కొలిచి లైనుకింతని లైన్ అకౌంట్ ఇస్తారు, అది నెలాఖరుకి పెట్రోలుకి సరిపోతే గొప్ప. పైగా యాడ్స్ టార్గెట్. సంక్రాంతికి, నాయకుడి పుట్టినరోజుకి యాడ్ తేకపోతే నువ్వు ఎంత మంచి వార్త రాసినా పనికిరావు. అలాంటి వాడికి స్టేషన్ నుంచి రోజూ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ప్రెస్ నోట్ వస్తుంది, ఫోటోతో సహా రెడీగా. మార్చాల్సింది ఏమీ ఉండదు, పైన మన డేట్‌లైన్ పెట్టి డెస్క్‌కి కొట్టడమే. "వాహన తనిఖీలు చేస్తుండగా అనుమానాస్పదంగా కనిపించిన వ్యక్తిని అదుపులోకి తీసుకుని తమదైన శైలిలో విచారించగా" అనే వాక్యం నేను ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. తమదైన శైలి అంటే ఏంటో రాసే నాకు తెలుసు, చదివే మీకు తెలుసు, ఎవరం ఆగం.
ఇంక కోర్టు సంగతి. కేసు కొట్టేసిన రోజు ఎవడూ ప్రెస్ నోట్ ఇవ్వడు. శిక్ష పడితే మాత్రం ఇస్తారు, "పకడ్బందీగా సాక్ష్యాలు సేకరించిన సిబ్బందిని ఎస్పీ అభినందించారు" అని. కొట్టేసింది తెలియాలంటే మనం కోర్టు హాల్లో కూర్చోవాలి. ఒక రోజంతా కూర్చుంటే ఆ రోజు లైన్ అకౌంట్ సున్నా. ఇంతే అన్నా, పెద్ద కుట్ర ఏం లేదు.

సీతాఫలం
"పెద్ద కుట్ర ఏం లేదు" అని భలే తేలిగ్గా అన్నారు. ఆ పిల్ల సంబంధం పోయింది కదా.

పాతవిలేకరి
@సీతాఫలం తేలిగ్గా అనలేదమ్మా. ఎవడూ పగబట్టకుండానే ఇంత పని జరిగిపోతోందని చెప్తున్నా.

హెడ్డుగారు_రిటైర్డ్
32 ఏళ్ళు డిపార్ట్‌మెంట్‌లో చేశా. అందరూ పోలీసుల్ని తిట్టడానికే రెడీగా ఉంటారు. కేసు కొట్టేస్తే నిర్దోషి అని కాదు, సాక్షులు తిరిగిపోయారని అర్థం. కోర్టుకొచ్చేసరికి బైకు ఓనర్ కూడా నాకు గుర్తులేదండీ అంటాడు, ఎందుకంటే వాడి బండి వాడికొచ్చేసింది, ఇంక తిరగడం ఎందుకని. నిప్పు లేనిదే పొగ రాదు.

నల్లకోటు
@హెడ్డుగారు సాక్షులు తిరగబడ్డం నిజమే, రోజూ చూస్తుంటా. కానీ @గట్టుమీదపిల్లి ఒక మాట అన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. నాలుగో రోజు ఫోటో వచ్చిందన్నాడు. ఇంటి నుంచి తీసుకెళ్ళింది ఎప్పుడు, రిమాండ్ రిపోర్ట్‌లో అరెస్టు టైం ఎప్పుడు వేశారు?

గట్టుమీదపిల్లి
@నల్లకోటు ఇంటి నుంచి సోమవారం రాత్రి తీసుకెళ్ళారు, వీధంతా చూసింది. కాగితంలో బుధవారం సాయంత్రం 4 గంటలకి బైపాస్ దగ్గర వాహన తనిఖీల్లో పారిపోబోతుంటే పట్టుకున్నట్టు ఉంది. పేపర్‌లో గురువారం వచ్చింది.

కారప్పూస99
సోమవారం రాత్రి స్టేషన్‌లో ఉన్నవాడు బుధవారం బైపాస్ దగ్గర పారిపోబోయాడు. మనవాడు దొంగ కాదు, మాంత్రికుడు.

నల్లకోటు
అదీ సంగతి. రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, ప్రయాణం టైం మినహాయించి. అందుకే అరెస్టు టైం కాగితం మీద జరుగుతుంది, మనిషి మీద కాదు. 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, అరెస్టు మెమో రాయాలి, టైం తేదీ వెయ్యాలి, ఇంట్లోవాళ్ళో ఊళ్ళో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి, ముద్దాయి కూడా పెట్టాలి. మీ కుర్రాడి మెమో మీద సాక్షి ఎవరో చూడండి, నా పందెం ఒక హోంగార్డు బావమరిది.
ఇంకోటి, 379 (దొంగతనం), 411 (దొంగసొత్తు దగ్గర పెట్టుకోవడం) అప్పట్లో రెండూ మూడేళ్ళ లోపు సెక్షన్లే. ఏడేళ్ళ లోపు శిక్ష పడే కేసుల్లో ఆటోమేటిక్‌గా అరెస్టు చెయ్యకూడదు, ఎందుకు చేశారో కారణం రాయాలి, లేకపోతే 41ఏ నోటీసు, అంటే విచారణకి రమ్మనే కాగితం, ఇచ్చి పంపాలి అని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో చెప్పారు. ఇప్పుడు కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చాక అది సెక్షన్ 35 అయింది. కాస్త పలుకుబడి ఉన్నవాడికి ఆ నోటీసు ఇంటికొస్తుంది. టెంట్ హౌస్ వాడికి జీపు వస్తుంది.

హెడ్డుగారు_రిటైర్డ్
లాయరుగారూ, నెలాఖరు క్రైం మీటింగ్‌లో మీరు ఎప్పుడైనా నిలబడ్డారా? డిటెక్షన్ ఎంత, రికవరీ ఎంత అని అడుగుతారు, పెండింగ్ ఎక్కువుంటే అందరి ముందు మెమో. స్టేషన్‌కి మంజూరైన మనుషుల్లో సగం బందోబస్తులో ఉంటారు. ఉన్నవాళ్ళు ఏం చేస్తారు, పాత పేర్ల లిస్టు తీసి ఎవడు ఎక్కడున్నాడో చూస్తారు. నేను చేశా, అబద్ధం ఎందుకు.

బాపట్లబాబు
@హెడ్డుగారు ఆ "పాత పేర్ల లిస్టు" దగ్గరే ఆగండి. మాది స్టూవర్టుపురం. ఇంక వేరే ఏం చెప్పక్కర్లేదు కదా, పేరు వినగానే మీ మొహాల్లో వచ్చే మార్పు నాకు చిన్నప్పటి నుంచి అలవాటే. 1871లో బ్రిటిషోళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు, మా ఎరుకల వాళ్ళని పుట్టుకతోనే నేరస్తులని రాసుకున్నారు, సెటిల్‌మెంట్ కట్టి అందులో పెట్టారు, హాజరు వేయించారు. 1952లో ఆ చట్టం తీసేశారు, కానీ దాని స్థానంలో అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి, లిస్టు మాత్రం అలాగే ఉంది. మా బాబాయి లారీ క్లీనరు, మనిషి మంచంలో జ్వరంతో ఉంటే కూడా ఎక్కడో దొంగతనం జరిగిందని వచ్చి లేపారు. నేను ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు హాస్టల్లో ఊరి పేరు చీరాల అని చెప్పుకున్నా, నాలుగేళ్ళు.

కారప్పూస99
సారీ బాస్, పైన నా జోకులు ఇప్పుడు బాలేవు.

బాపట్లబాబు
@కారప్పూస మాంత్రికుడు బాగుంది, ఉంచు.

డేటాదయ్యం
మీరంతా అనుభవాలు చెప్తున్నారు కాబట్టి నేను లెక్కలు పెడతా, విసుక్కోవద్దు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ జైలు గణాంకాలు 2022 ప్రకారం దేశంలో ఖైదీలు 5,73,220 మంది, అందులో విచారణ ఖైదీలే 4,34,302, అంటే 75.8 శాతం. ఇంకా నేరం రుజువు కానివాళ్ళు నలుగురిలో ముగ్గురు. వాళ్ళల్లో దాదాపు మూడింట రెండొంతులు పదో తరగతి దాటనివాళ్ళు. ఎస్సీ ఎస్టీల వాటా జనాభాలో ఉన్నదానికంటే జైల్లో ఎక్కువ.
ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ వాళ్ళు మరణశిక్ష పడ్డ ఖైదీల మీద 2016లో ఒక రిపోర్ట్ వేశారు, 373 మంది గురించి. అందులో 74.1 శాతం ఆర్థికంగా బలహీనులు. పెద్ద శిక్షకి వెళ్ళేకొద్దీ జేబు చిన్నదవుతోంది.
@హెడ్డుగారు మీ నిప్పు పొగ సామెతకి ఇది: కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ, సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ కలిసి 2019లో సుమారు 12 వేల మంది పోలీసుల్నే అడిగి రిపోర్ట్ చేశారు. చిన్న నేరాలకి కోర్టు ఎందుకు, పోలీసులే చిన్న శిక్ష వేసేస్తే మేలు అని 37 శాతం మంది చెప్పారు. ముస్లింలు సహజంగానే నేరాల వైపు వెళ్తారని దాదాపు సగం మంది నమ్ముతున్నారు.

హెడ్డుగారు_రిటైర్డ్
@డేటాదయ్యం అదే రిపోర్ట్‌లో పోలీసు రోజుకి సగటున 14 గంటలు పనిచేస్తాడని కూడా ఉంది బాబూ, అది చెప్పలేదే. మా అబ్బాయి చూపించాడు నాకు.

డేటాదయ్యం
ఉంది. ఒప్పుకుంటున్నా. చెప్పాల్సింది.

మంజీరతీరం
మా దిక్కు హైదరాబాద్ బస్తీల్ల కార్డన్ సెర్చ్ అని చేస్తరు. తెల్లారక ముందే గల్లీ రెండు దిక్కుల బంద్, ఇంటింటికి పోయి బండి కాయితాలు, ఆధార్ సూపియ్యమంటరు, కాయితాలు లేని బండ్లు పట్టుకపోతరు. మర్నాడు పేపర్ల "ఇన్ని బండ్లు స్వాధీనం, ప్రజల్లో భరోసా నింపేందుకే" అని ఫోటో. ఏ భరోసా అన్నా, మా అమ్మకు ఆ దినం బీపీ పెరిగింది. ఎన్నడన్న జూబ్లీహిల్స్‌ల రోడ్ నంబరు 36 బంద్ చేసి కాయితాలు సూపియ్యమన్నరా? ఏ రిపోర్టరన్నా ఆ ఒక్క ప్రశ్న అడిగిండా?

పాతవిలేకరి
@మంజీరతీరం అడగడు. అడిగితే మర్నాడు వాట్సాప్ గ్రూపులోంచి తీసేస్తారు. నవ్వులాటకి కాదు, నన్ను తీసేశారు ఒకసారి. మూడు వారాలు పక్క మండలం వాడి దగ్గర అడుక్కుని ప్రెస్ నోట్లు తీసుకున్నా. డెస్క్‌వాడు "నీ మండలంలో క్రైమే లేదా" అని తిట్టాడు.

సీతాఫలం
వార్త అయినవాళ్ళ సంగతి సరే, కంప్లైంటే తీసుకోనివాళ్ళ సంగతి? నేను వరకట్నం కేసు పెట్టడానికి మూడుసార్లు వెళ్ళా. మొదటిసారి కౌన్సెలింగ్ అన్నారు, రెండోసారి ఎస్సైగారు లేరన్నారు, మూడోసారి రైటర్ "పెళ్ళైన కొత్తలో ఇవన్నీ మామూలేనమ్మా" అన్నాడు. కాగితం తీసుకున్నట్టు రసీదు కూడా ఇవ్వలేదు. నా కేసు ఏ లెక్కల్లోనూ లేదు @డేటాదయ్యం గారూ. రాయని దాన్ని ఎవరు లెక్కపెడతారు?

నల్లకోటు
@సీతాఫలం కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంట్ లేకుండా పోలీసులు అరెస్టు చెయ్యగలిగేది, అయితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో ఐదుగురు జడ్జీలు చెప్పారు. కుటుంబ తగాదాల్లో ముందు ప్రాథమిక విచారణ అని ఒక సందు ఇచ్చారు, దాన్నే కౌన్సెలింగ్ పేరుతో సాగదీస్తారు. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, అక్నాలెడ్జ్‌మెంట్ దాచుకోండి, అదే మీ రసీదు. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేట్ కంప్లైంట్. లాయరు ఖర్చు అంటారా, లీగల్ సర్వీసెస్ చట్టం కింద ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితం. 15100కి ఫోన్ చెయ్యండి.

డేటాదయ్యం
@సీతాఫలం మీరు అడిగింది చాలా సరైన ప్రశ్న, పరిశోధకులకీ అదే తలనొప్పి. మధ్యప్రదేశ్‌లో 180 స్టేషన్లలో ఒక ప్రయోగం చేశారు, కొన్నిట్లో మహిళా హెల్ప్ డెస్క్ పెట్టి, కొన్నిట్లో పెట్టకుండా. 2022లో అచ్చయింది. డెస్క్ ఉన్నచోట ఆడవాళ్ళ కేసుల రిజిస్ట్రేషన్ పెరిగింది, ముఖ్యంగా ఆ డెస్క్‌లో ఆడ ఆఫీసర్ ఉన్నచోట. మన దగ్గర పేపర్లో ఏం రాస్తారు, "మహిళలపై పెరిగిన నేరాలు" అని. పెరిగింది నేరం కాకపోవచ్చు, కాగితం మీదకి రావడం కావచ్చు.

సీతాఫలం
రిజిస్టర్డ్ పోస్టు ఐడియా ముందే తెలిస్తే బాగుండేది. సరే, ఇప్పటికైనా.

కందిచేను
పేపర్‌వాళ్ళ వల్ల ఏమీ కాదు అన్నట్టు మాట్లాడుతున్నారు అందరూ, అది కూడా తప్పే. 1979 జనవరిలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో బీహార్ జైళ్ళ గురించి వ్యాసాలు వచ్చాయి, పడే శిక్ష కంటే ఎక్కువ ఏళ్ళు విచారణ లేకుండానే లోపల ఉన్నవాళ్ళ గురించి. అది చదివి కపిలా హింగోరాణి అనే లాయరమ్మ సుప్రీంకోర్టుకి వెళ్ళింది, అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. తర్వాత దేశమంతా సుమారు 40 వేల మంది బయటికొచ్చారు. ఆ వ్యాసాలు రాసింది ఎవరో తెలుసా, రుస్తుంజీ అని పోలీసాఫీసరు, బీఎస్‌ఎఫ్‌కి మొదటి అధిపతి.

హెడ్డుగారు_రిటైర్డ్
చూశారా, పోలీసే రాశాడు.

కందిచేను
@హెడ్డుగారు అందుకే పనిగట్టుకుని చెప్పా, మీకు కాస్త ఊరటగా ఉంటుందని.
ఈ మధ్యది కూడా ఉంది. సుకన్యా శాంత అనే జర్నలిస్టు జైళ్ళల్లో కులాన్ని బట్టి పని పంచుతున్నారని రాసింది, వంట ఒక కులానికి, ఊడ్చేది ఒక కులానికి, జైలు మాన్యువల్‌లోనే ఉంది అలా. రాసి ఊరుకోకుండా తనే పిటిషన్ వేసింది. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఆ రూల్స్ కొట్టేసింది, రిజిస్టర్లలో కులం కాలమ్ తీసెయ్యమంది. @బాపట్లబాబు ఆ తీర్పులో విముక్త జాతుల గురించి, అంటే మీలా ఆ పాత చట్టం ముద్ర పడినవాళ్ళ గురించి, అలవాటు నేరస్తుల ముద్ర గురించి కూడా ఉంది, చదవండి.

బాపట్లబాబు
చదివాను. మా నాన్నకి తెలుగులో చెప్పాను కూడా. "కాగితంలో తీసేస్తే సరేరా, ఎస్సై బుర్రలోంచి ఎవరు తీస్తారు" అన్నాడు.

ఉల్లిపొర
ఒక డౌటు. ఆ కుర్రాడు 47 రోజులు ఎందుకున్నాడు? దొంగతనం కేసులో బెయిల్ రెండు వారాల్లో రాదా?

గట్టుమీదపిల్లి
@ఉల్లిపొర బెయిల్ 19వ రోజే వచ్చింది. ఇద్దరు జామీనుదార్లు కావాలన్నారు, ఇంటి పన్ను రసీదు ఉన్నవాళ్ళు. వాళ్ళుండేది పోరంబోకు స్థలంలో, వీధిలో సగం మందికి పన్ను రసీదే లేదు. ఉన్నవాళ్ళు పేపర్‌లో ఫోటో చూసి భయపడ్డారు. నిజం చెప్పాలంటే మా నాన్న కూడా ఇవ్వలేదు. అందుకే ఇవాళ నేను ఇంత తిరుగుతున్నానేమో.

నల్లకోటు
ఈ జామీను గొడవ కొత్తది కాదు. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రి కేసులో 10 వేల జామీను అడిగి, సోదరుడు ఇస్తానంటే వేరే జిల్లావాడని కాదన్నారు. కృష్ణయ్యర్ గారు ఆ తీర్పులో మండిపడ్డారు, దక్షిణాదివాడు ఎక్కడో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే ఆ ఊరి జామీను ఎక్కడ్నుంచి తెస్తాడని. మళ్ళీ 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, బెయిలొచ్చి 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి చెప్పాలి, నెలలో జామీను ఇవ్వలేకపోతే కోర్టు షరతు సడలించే సంగతి చూడాలి అని. 45 ఏళ్ళ తర్వాత అదే మాట.

పాతవిలేకరి
మీ పోస్టు చూశాక నిద్ర పట్టలేదు @గట్టుమీదపిల్లి. ఒక పని చెయ్యండి. కోర్టులో సీఏ, అంటే కాపీ అప్లికేషన్, వేసి తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అందులో ఎందుకు కొట్టేశారో ఉంటుంది, ఆ పేరా నాకు చెప్పండి. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఇప్పుడు అదే పేపర్ డెస్క్‌లో ఉన్నాడు. "నిర్దోషి" అని వేస్తే డెస్క్‌లో ఆసక్తి ఉండదు, "పంచనామా సాక్షి అడ్డం తిరిగాడు" అంటే చదువుతారు.

కారప్పూస99
న్యాయానికి కూడా హెడ్డింగ్ కావాలన్నమాట.

నల్లకోటు
ఇంకోటి, కేసుల గురించి పోలీసులు మీడియాకి ఎలా చెప్పాలో దాని మీద గైడ్‌లైన్స్ తయారు చెయ్యమని 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖకి చెప్పింది, మీడియా విచారణ వల్ల ముద్దాయికి అన్యాయం జరుగుతుందని. మా ఊళ్ళో మాత్రం మొన్న కూడా ముసుగులేసి నిలబెట్టారు.

హెడ్డుగారు_రిటైర్డ్
నేను ఎక్కువ మాట్లాడాను అనుకుంటున్నారేమో. ఒకటి చెప్పి ఊరుకుంటా. నా సర్వీసులో అలా ఫోటో కోసం నిలబెట్టిన ఒక కుర్రాడు తర్వాత కొన్నేళ్ళకి బస్టాండ్‌లో కనిపించి నమస్తే సార్ అన్నాడు. టీ తాగుతారా సార్ అని కూడా అడిగాడు. తాగలేకపోయా.

గట్టుమీదపిల్లి
రెండు వారాల తర్వాత అప్‌డేట్. కాపీ వచ్చింది. రికవరీ పంచనామా మీద సంతకం బైపాస్ దగ్గర కాదు, స్టేషన్‌లో కూర్చుని పెట్టానని వీఆర్వో క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకున్నాడు, అందుకే కొట్టేశారు. @పాతవిలేకరి గారి శిష్యుడికి పంపాను, వేస్తామన్నారు, ఎనిమిది లైన్లు ఇస్తామన్నారు. కుర్రాడి ఫోటో ఒకటి పంపమన్నారు.

కారప్పూస99
ఈసారి ముసుగు లేకుండా కదా? పంపావా?

గట్టుమీదపిల్లి
వాళ్ళమ్మని అడిగాను. పేపర్ వద్దు, ఫోటో వద్దు, ఆ తీర్పు జిరాక్సులు ఒక పాతిక తీసివ్వు బాబూ, నేనే ఇంటింటికీ ఇచ్చుకుంటానంది. నిన్న తీసిచ్చాను. మొదటిది మా నాన్నకే ఇచ్చింది.